ఆకుపసరు, బావ చెప్పులు

తమ్ముడూ,

ఫోను చేస్తే మీ బావ పక్కనే ఉంటారు, అందుకే రాస్తున్నాను. మీ ల్యాబులో ఏదో ఆకులోంచి తీసిన మందు ఎలుకల కిడ్నీల్లో మచ్చలు తగ్గించిందని ఆమధ్య సంబరంగా చెప్పావు కదా, అది ఆయన విన్నారు. అప్పటినుంచి డాక్టరుగారిచ్చిన కిడ్నీ మాత్రలు పక్కన పడేసి, ఆ ఆకే తెచ్చి నూరి రోజూ పరగడుపున పసరు తాగుతున్నారు. "బావమరిదే కనిపెట్టాక ఇంక డాక్టరెందుకే" అంటారు.

నాకేం పాలుపోవట్లేదు. డాక్టరుగారేమో ఆకులూ అలములూ ముట్టొద్దన్నారు. నువ్వేమో ఆకులోనే మందుందంటావు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే.

పసరు పనిచేస్తున్నట్టే ఉంది. మొహం నిండుగా వచ్చింది, బుగ్గలొచ్చాయి. చూసినవాళ్లంతా కోలుకున్నాడంటున్నారు. తిండి మాత్రం సయించడం లేదు. తినకుండా ఒళ్లెలా వస్తుందిరా? వాపు చూసి బలుపనుకుంటున్నానేమో. ఆ మాటంటే "నీ తమ్ముడి మీద నీకే నమ్మకం లేదా" అని నా నోరు మూయిస్తారు.

మీ ఎలుకలూ ఇలాగే లావెక్కాయా?

నిన్నటినుంచి ఆయన కాళ్లకి చెప్పులు పట్టడం లేదు. ఇంకో సైజు పెద్దవి కొనుక్కు రమ్మంటున్నారు. కొననా, వద్దా?

మీ అక్క