చెల్లి ఆడుకునే ఆట

మంగళవారం, పెడన

మొగుడి దెబ్బలు పడలేక అవనిగడ్డ నుంచి నా దగ్గరికి వచ్చేసిన చెల్లి, మధ్యాహ్నాలు ఫోన్‌లో ఆన్‌లైన్ గేమ్ ఆడుకుంటోంది. అందులో ఎవరితోనూ పోట్లాడకుండా మూలికలు ఏరుకోవడమే తనకు ఇష్టం. ఇవాళ అడవి దారిలో ఎవడో ఆటగాడు ఆమె పాత్రను చంపేశాడు. అది మళ్లీ బతికి లేచిన ప్రతిసారీ చంపాడు.

"నేను మీ జోలికి రాలేదండీ, వెళ్లనివ్వండి" అని టైప్ చేసింది. వాడు నవ్వే బొమ్మ పెట్టాడు.

"ఇలా ఇవ్వు, ఆపేద్దాం" అని ఫోన్ కోసం చెయ్యి చాపాను. చటుక్కున మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి, "చంపేవాణ్ణి కూడా ‘అండీ’ అన్నానేంటక్కా?" అంది.

రేపు చెల్లి మొగుడు పెద్దమనుషులతో వస్తున్నాడు. తనని పంపనని నేను చెప్పగలను. వెళ్లనని తను అనగలదా...