వైవాలో ఒకే ప్రశ్న

శుక్రవారం రాత్రి, తరిగొప్పుల

డాక్టరేట్ వచ్చింది. ఇంత చవకగా ఇస్తారని తెలిస్తే ఇన్నేళ్లు ల్యాబులో కళ్లు పోగొట్టుకునేదాన్ని కాదు.

బోరు ఎండిపోతే మోటారు కాలకముందే దాన్ని ఆపేసే సర్క్యూట్ మీద నా పరిశోధన. వోల్టేజీ మరీ పడిపోతే మాత్రం అది పనిచేయదు. మా ఊళ్లో వోల్టేజీ పడిపోని రోజేది? బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే పట్టుకుంటాడని వారం నుంచి భయపడి చచ్చాను.

మహానుభావుడు వచ్చాడు. నా థీసిస్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. నేను గ్రాఫులు చూపిస్తున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. "ఆయనకు నాటుకోడంటే పానం, ఇంట్ల వండిచ్చి తేమ్మా" అని మా గైడ్ సారు ముందే చెప్పి ఉన్నాడు. అమ్మ చీకటితో లేచి వండిన కూరను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మధ్యాహ్నం క్యారియర్ మూత తీయగానే పెద్దమనిషి తల ఎత్తాడు.

"ఎవరమ్మా వండింది?"

ఎముక చప్పరిస్తూనే "కంగ్రాట్స్ డాక్టర్" అన్నాడు. గైడ్ సారు చప్పట్లు కొట్టాడు. థూ.

పక్క చేను మల్లన్నది రోజూ ఒకటే మాట: "డాక్టరమ్మవైనంక ముందుగాల నా మోటరుకే బిగియ్యాలె." ఏ మొహంతో బిగించను?

ఇంటికి రాగానే అమ్మ గడపలోనే ఆపింది.

"ఏమడిగిర్రు బిడ్డా?"

"కూర ఎవలు వండిర్రని అడిగిర్రవ్వా."

ఆమె మొహంలో ఒకటే కంగారు. "మరి జవాబు మంచిగ చెప్పినవా?"