రెండు పక్కలకూ రెండు కాగితాలు

హనుమకొండ,
ఏప్రిల్ 9

చిరంజీవి హారికకు,

హనుమకొండ నుంచి మీ బాపు దీవెనలతో రాస్తున్నాను. ఇవాళ్టికి నేనూ మీ అమ్మా బాగున్నాం, వేళకు తింటున్నాం. నీ ఉత్తరం పదకొండు రోజులు ప్రయాణం చేసి సోమవారం చేరింది. మీ నికోబార్‌లో సిగ్నల్ దొరికినప్పుడు తెగి తెగి వినిపించే మాటలకంటే నీ నాలుగు పేజీలే మాకు కడుపు నింపాయి. నీ హిందీని బడిపిల్లలు వెక్కిరిస్తున్నారని రాసింది చదివి మీ అమ్మ చాలాసేపు నవ్వింది. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. మధ్యాహ్నం చౌరస్తాలో మనుషులుండటం లేదు. అందుకే బట్టల షాపు పన్నెండుకే మూసి ఇంటికి వస్తున్నాను.

ముందు నువ్వడిగిన కుట్టుమిషన్ సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించిన కుర్తాలు భుజాల దగ్గర వేలాడుతున్నాయనీ, అక్కడ మంచి దర్జీ లేడనీ, అందుకే ఎనభై రకాల కుట్లు వచ్చే మిషన్ కొనుక్కుంటాననీ రాశావు. అది వద్దమ్మా. నేనూ మొదట దానిమీదే మనసు పడ్డాను. స్టేషన్ రోడ్డు షాపులో సేల్స్‌మన్ దానిమీద పూలు, ఆకులు, చివరికి ఒక బాతు బొమ్మ కూడా కుట్టి చూపించాడు. నేను డబ్బు తీయబోతుంటే, అక్కడ మిషన్లు బాగుచేసే రాజమౌళి అనే మెకానిక్ నన్ను పక్కకు పిలిచాడు.

"సారు, మీరు ఏం కుడతరు?"

"జాకెట్లు," అన్నాను.

"జాకెట్లకు బాతులెందుకు సారు? సక్కగ పోయే కుట్టు గావాలె, ఉల్టా వచ్చే కుట్టు గావాలె. గంతే. ఇంకో మాట ఇనుండ్రి. మిషన్ కొనుడు పెద్ద పని కాదు. ఖరాబైతె బాగుచేసేటోడు ఎంత దూరంల ఉన్నడో సూసి కొనాలె."

నాకు రాజమౌళి నడిచిపోయేంత దూరంలో ఉన్నాడు. నీకు బాగుచేసేవాడు కావాలంటే ఓడ ఎక్కాలి. పైగా అక్కడ కరెంటు పోతుంటుందని నువ్వే రాశావు. కాబట్టి పాతరకం నల్ల ఇనుప మిషన్ తీసుకో, చేత్తో తిప్పే పిడి ఉన్నది. కావాలనుకుంటే తర్వాత చిన్న మోటారు బిగించుకోవచ్చు. కొనేముందు నీ వెంట ఒక పల్చటి మల్లు గుడ్డ, ఒక జీన్స్ ముక్క తీసుకుపో. పల్చటిది ఒంటి పొర మీద, జీన్స్ నాలుగు మడతల మీద కుట్టి చూడు. పైన అందరి కుట్టూ బాగానే కనిపిస్తుంది, తిప్పి అడుగువైపు చూడాలి. అక్కడ దారం ఉండలు కట్టకుండా ఉంటే ఆ మిషన్ మంచిదే. మీ ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె వెయ్యి, పని కాగానే గుడ్డ కప్పు.

నా మోకాళ్ల నొప్పులు నీకు తెలుసు కదా, తొక్కుడు నాకు పడదు. అందుకని మోటారు పెట్టించాను. మొదటి రోజు పెడల్ మీద కాలు ఆనించగానే మిషన్ నా చేతిలోంచి బట్టను లాక్కుని పరుగెత్తింది. నాలుగో రోజు సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. వారం రోజులు ఆ వేలితో అన్నం కలుపుకోలేకపోయాను. కనుక దారం ఎక్కించకుండా ముందు నోటుబుక్కు కాగితం మీద గీతల వెంట నడిపి నేర్చుకో. గీత దాటకుండా నాలుగు పేజీలు వచ్చాకే బట్ట పట్టు.

కటింగ్ పేపర్లు కూడా పంపమన్నావు. ఈ కవరులోనే కుర్తాది పెట్టాను, ముప్పై ఆరు సైజు. అది అచ్చు కాగితం. ఊహించుకున్న మనిషి కోసం గీసినది, నీ కోసం కాదు. నీకు బాగా సరిపోయే కుర్తా ఒకటి దానిమీద పరిచి, ఎక్కడ తేడా ఉందో పెన్సిలుతో దిద్దుకో. కుట్టుకు చుట్టూ అంగుళం వదులు. మొదటిది పాత దుప్పటిలో కుట్టి తొడుక్కుని చూడు. నూలు బట్టయితే కత్తిరించే ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరెయ్యి. ఈ ఒక్కటీ నాకు మిషన్ రాకముందే తెలుసు.

వీడియో కాల్‌లో నా వెనక కనిపించిన మిషన్ అమ్మదా అని అడిగావు. కాదు, నాదే. ముప్పై అయిదేళ్లు మీటర్ల లెక్కన బట్ట చింపి అమ్మినవాణ్ని, అరవై ఒకటో ఏట సూదిలో దారం ఎక్కించడం ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలంటే నిరుడు జూలై నుంచి మొదలుపెట్టాలి. కాస్త కూర్చుని చదువు తల్లీ. సగంలో లేచి ఫోన్ చేయకు, చివరిదాకా చదివాక చెయ్యి.

నిన్ను కాజీపేటలో రైలెక్కించిన రోజు అమ్మ జ్వరమని స్టేషన్‌కు రాలేదు. అది జ్వరం కాదు. ఆ ఉదయమే దవాఖానలో ఆమె ఎడమ రొమ్ములోని గడ్డ నుంచి పరీక్షకు ముక్క తీశారు. నీ ఉద్యోగం ఆర్డరు వచ్చిన వారంలోనే స్నానం చేస్తుంటే ఆ గడ్డ ఆమె చేతికి తగిలింది. నాకు చెప్పి, వెంటనే తలమీద చెయ్యి పెట్టించుకుంది.

"దానికి కొత్త నౌకరీ. ఇప్పుడు చెప్తె పోదు. పోకుంటె ఆ నౌకరీ మళ్ల రాదు. నా మీద ఒట్టు, చెప్పకుండ్రి."

ఒట్టు వేశాను. ప్లాట్‌ఫారం మీద నువ్వు "అమ్మను జర మంచిగ సూస్కో బాపూ" అన్నప్పుడు మాట నోటిదాకా వచ్చింది. రైలు కదిలింది. చెయ్యి ఊపాను.

అది క్యాన్సరేనని తేలింది. ఆగస్టులో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత డిసెంబరు దాకా ఆరు ఇంజక్షన్లు. వాటికి జుట్టంతా రాలింది. వేములవాడలో తలనీలాలు ఇచ్చింది ఏ మొక్కు కోసమని నువ్వు అడిగావు కదా, మొక్కూ లేదు, మేము వేములవాడ పోనూ లేదు. ఆ అబద్ధం మీ అమ్మ ఆలోచించింది, నేను వంత పాడాను. మొన్న మార్చిలో చేసిన పరీక్షల్లో జబ్బు ఆనవాలు కనిపించలేదని డాక్టరమ్మ చెప్పింది. అయిదేళ్లు రోజుకో బిళ్ల వేసుకోవాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. జుట్టు వేలెడు పొడవు వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి.

ఇంతవరకూ మీ అమ్మ ఒట్టు. ఇకపైన రాసేది నా తప్పు.

డిసెంబరు చివర్లో తొర్రూరులో చుట్టాల పెళ్లి వచ్చింది. అమ్మ చాలా రోజుల తర్వాత పట్టుచీర తీసింది. పాత జాకెట్లు ఒక్కటీ కుదరలేదు. ఎడమవైపు ఖాళీగా జారిపోతోంది. ఆ చెయ్యి కాస్త వాచింది కాబట్టి చేతి దగ్గర బిగుసుకుపోతోంది. కొత్తది కుట్టించుకుందామని ఎప్పుడూ ఇచ్చే దర్జీ ఆమె దగ్గరికి వెళ్లింది. నేను బయట స్కూటరు మీద ఉన్నాను. టేపు పెట్టిన ఆమె నలుగురు ఆడవాళ్ల ముందు, "ఇదేందక్కా, ఈ పక్క ఏం లేదు?" అన్నది నాకు బయటికి వినిపించింది. చెడ్డ మనిషి కాదు, నోరు జారింది. మీ అమ్మ బట్ట వెనక్కి తీసుకుని వచ్చి స్కూటరెక్కింది. పెళ్లికి రానంది.

ఆ రాత్రి ఓదార్చబోయి అన్నాను. "పోనీ తియ్యి అరుణా. నీకిప్పుడు కొత్త జాకెట్లెందుకు? ఇంట్లనే ఉంటవు గద, ఎవలు సూస్తరు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "నేను సూస్కోనా అద్దంల?" అంది.

ఆ తర్వాత దాదాపు రెండు నెలలు గడప దాటలేదు. నైటీ, భుజం మీంచి ముందుకు ఒక తువ్వాల. పాలవాడొస్తే నన్ను పిలిచేది. నీ వీడియో కాల్స్‌లో నన్ను ముందు కూర్చోబెట్టి తాను పక్కనుంచి మాట్లాడింది అందుకే. జబ్బు ఆమెను ఆరు నెలలు పడుకోబెట్టింది. నా మాట ఇంకో రెండు నెలలు కూర్చోబెట్టింది. అందుకని జనవరిలో మిషన్ కొన్నాను.

కొని తెచ్చింది చూసి, "బట్ట చింపెటోనికి కుట్టుడు ఏమొస్తదండి?" అని లోపలికి వెళ్లిపోయింది. నెలరోజులు ఫోన్‌లో వీడియోలు చూసి దిండ్ల గలీబులు కుట్టాను. ఫిబ్రవరిలో ముప్పై ఆరు సైజు కటింగ్ పేపరు తెచ్చి మొదటి జాకెట్ కుట్టాను. తొడుక్కుని చూసి, విప్పి మంచం మీద పెట్టింది. తప్పెక్కడో నాకు మర్నాటికి గానీ తట్టలేదు. జాకెట్ ముందు భాగాలు రెండూ ఒకే కాగితంతో, బట్ట రెండు పొరలుగా వేసి ఒక్కసారే కత్తిరిస్తారు. రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. మీ అమ్మకు రెండు పక్కలకూ రెండు కాగితాలు కావాలి.

దానికి కొలత తీయాలి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె నాకు ఆ గాయం చూపించలేదు. కట్టు నర్సు మార్చేది, స్నానానికి తలుపు గడియ పెట్టుకునేది. నేను అడగలేదు. కొలతలు కావాలని మాత్రం చెప్పి ఊరుకున్నాను. నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక తానే కిటికీ మూసి వచ్చి, "టేపు తెండ్రి," అంది.

చంక కింద నుంచి ఛాతీ మధ్యదాకా ఒక గీత ఉంది. టేపు వంకరగా పెట్టాను.

"సక్కగ పట్టుకోండ్రి. అంగుళం తప్పితె మళ్ల విప్పాలె," అంది. ఇద్దరం ఏడవలేదు. నేను అంకెలు చెప్పాను, ఆమె రాసుకుంది.

ఎడమ కాగితంలో రొమ్ము ఎత్తు కోసం వేసే మడత కుట్లు తీసేశాను. లోపల మల్లు గుడ్డతో ఒక సంచీ పెట్టాను. గీతకు ఒరుసుకోకుండా కుట్లన్నీ బయటివైపుకు తిప్పి, వాటిమీద పట్టీ వేశాను. ఎడమ చెయ్యి ఒకటిన్నర అంగుళం వదులు. సంచీలో దూది పెడితే తేలికై పైకి జరిగింది. బరువు కావాలనుకుని వంటింట్లోంచి ఆవాల డబ్బా తెచ్చాను.

"గిన్ని ఆవాలా? నాకు పోపు పెడ్తాండ్రా?" అంది. ఎన్ని నెలలకో ఆమె నోటినుంచి వచ్చిన వేళాకోళం అది. దూది మధ్యలో ఆవాల పొట్లం పెట్టి కుట్టి, ఉతికేటప్పుడు బయటికి తీసేలా చేశాం.

నాలుగు జాకెట్లు పాడయ్యాయి. అయిదోది కుదిరింది. అద్దం ముందు ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఒక దగ్గర వెంట్రుకవాసి ముడత ఉందని వేలు పెట్టి చూపించింది. తర్వాత చీర కట్టుకుని సంచీ అందుకుంది. "టమాటలు లెవ్వు. నేను పోయొస్త," అని చెప్పులేసుకుంది. నేనన్న మాటకు ఆమెను క్షమాపణ అడిగాను. "కుట్టిండ్రు గద," అంది, అంతే.

నువ్వు మే నెల సెలవులకు వస్తావు. గుమ్మంలో ఒక్కసారిగా చూసి తెలుసుకోవద్దని ఒట్టు తీసేసింది. "ఫోన్ల చెప్తె సగం వినవడది, మిగిలిన సగానికి అది ఏడుస్తది. మీరు కుదురుగ రాయండ్రి," అంది. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. నా మీద చూపించు. వచ్చాక నువ్వు కూడా ఒకసారి డాక్టరమ్మకు చూపించుకోవాలి. తల్లికి వచ్చిందంటే బిడ్డలు చూపించుకోవడం మంచిదని ఆమె చెప్పింది. భయపడమని కాదు, వాయిదా వేయవద్దని.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. మార్చిలో దవాఖాన వరుసలో మా పక్కన ధర్మసాగర్ మనిషి కూర్చుంది. పేరు మొగిలమ్మ, కూలి పనికి పోతుంది. ఆమెకూ ఇదే ఆపరేషన్ అయింది. ఆ ఎండలో ఛాతీమీద దుప్పటిలాంటి తువ్వాల కప్పుకుని ఉంది. మీ అమ్మను చాలాసేపు చూసి అడిగింది. "అక్కా, నీకు గూడ తీసిండ్రట గద. మరి నీ జాకెట్ గంత మంచిగ ఎట్ల కూసున్నది?"

"మా ఆయన కుట్టిండు," అంది మీ అమ్మ.

"జా, మొగోడు కుట్టుడేంది?" అని మొగిలమ్మ నమ్మలేదు.

మొన్న ఆదివారం ఇద్దరం బస్సులో ధర్మసాగర్ వెళ్లాం. టేపు, పెన్సిలు మీ అమ్మ సంచీలోనే ఉన్నాయి. "కొలతలు నేను తీస్త, మీరు కోయండ్రి," అని దారిలోనే పని పంచింది. మొగిలమ్మ పెనిమిటి నర్సయ్య నాకు అరుగు మీద చాప వేసి చాయ్ ఇచ్చాడు. ఆడవాళ్లిద్దరూ లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. నర్సయ్య నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అంతలో లోపలి నుంచి మొగిలమ్మ నవ్వింది. వెంటనే మీ అమ్మ నవ్వింది. ఒకరి నవ్వు ఆగకముందే ఇంకొకరిది. ఆపుకోలేక, మళ్లీ మళ్లీ.

నర్సయ్య తలెత్తి, "ఇది నవ్వి ఏడాదైతాంది సారు," అన్నాడు.

లోపల ఏం జరిగిందో మేమిద్దరం అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
మీ బాపు