ఎర్రకారు ఊపిరి

మెకానిక్ బాబుకి,

ఎర్రకారు వాడి నాయనమ్మ రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, నాయనా.

సోమవారం మా మనవడు కారు నీ షెడ్డుకి తెస్తాడు. ఇంజిన్‌కి గాలి వెళ్లే పెట్టెను వాడి ఎదుట తెరవకు. నువ్వు బిగించిన కొత్త ఎయిర్ ఫిల్టర్ అందులో లేదు. నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉంది.

గాలి ఎక్కువ వెళ్తుందని మీరిద్దరూ మురిసిపోయారు. గాలితో పాటు దుమ్ము వెళ్లదా? ముప్పై ఏళ్లు పిండిమరలో ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేశాను. మా ఆయన ఊపిరాడదని గుడ్డ తీసేసేవాడు. చివరికి ఆ దగ్గుతోనే పోయాడు. అందుకే మనవడు స్నానానికి వెళ్లినప్పుడు నాలుగు క్లిప్పులు విప్పి పాత కాగితం ఫిల్టరే పెట్టేశాను. నాలుగో క్లిప్పు సరిగా పడిందో లేదో, అది కాస్త చూడు.

ఆనాటి నుంచి వాడి కాళ్లు నేల మీద నిలవడం లేదు. "చూశావా నాయనమ్మా, కొత్త ఫిల్టర్‌తో బండి ఎలా దూకుతోందో" అంటాడు. "అవున్రా" అంటాను. కార్ల పందేనికి ఇప్పుడు ఇంకా పెద్ద ఫిల్టర్ కావాలట.

నువ్వు మళ్లీ కాగితందే పెట్టి, పెద్దది పెట్టానని చెప్పు. నిజం తెలిస్తే వాడు నాతో మాట్లాడడు, ఆ పెద్దదీ మానడు.

నువ్వు బయటపెట్టవనే నా ధైర్యం. మొన్న నువ్వు కూడా ఇంజిన్ దగ్గర చెవి పెట్టి, "ఇప్పుడు కదా దీనికి ఊపిరాడుతోంది" అన్నావు. అప్పటికి పాతది పెట్టి పది రోజులైంది.

షెడ్డులో ముక్కుకి గుడ్డ కట్టుకో, నాయనా.