హాన్సెన్‌ల ఇంటిపేరు

సావిత్రీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కోడలు ఇంగ్రిడ్ వంశం తేలందే అబ్బాయి పెళ్ళికి రానని భీష్మించాను కదా, ఇప్పటికి తేలింది. ఐర్లండ్‌లో, ఈ స్వోర్డ్స్ ఊళ్ళో అబ్బాయింట్లో ఈ గదిలోనే కూర్చుని నార్వే చర్చి రిజిస్టర్లన్నీ ఇంటర్నెట్‌లో వెతికాను. ఆమె ముత్తాత హాన్సెన్, అతని తండ్రి ఓల్సెన్, తాత లార్సెన్. తరం మారితే ఇంటిపేరు మారిపోతోంది! పండితులు ఫుట్‌నోట్లలో తిట్టుకుంటారేగాని ఒక్కడూ సూటిగా చెప్పి చావడు.

"నన్నడిగితే చెప్పేదాన్నిగా, అంకుల్," అంది ఇంగ్రిడ్ ఇంగ్లీషులో. "అవి తండ్రుల పేర్లు, 'సెన్' అంటే కొడుకు. పక్కన రాసిన పొలం పేరే మా ఇంటిపేరు."

మనకు ఊరు, వాళ్ళకు పొలం. పెళ్ళినాడు నువ్వన్నది అదే: "వాళ్ళకీ ఏదో ఊరుంటుంది లెండి, చొక్కా తొడుక్కోండి."

ఒప్పుకుందామంటే నువ్వు లేవు. పెళ్ళి ఫొటోలో నీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.