తొంభై తొమ్మిది రెక్కల పురుగులు

జఫర్‌గఢ్,
19 అక్టోబరు 1983, బుధవారం

మిత్రుడు దయాకర్‌కు,

శ్రీపాల్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, రాజమణి, పిల్లలు, పెరటిలో జామచెట్టుకు వేలాడే కందిలి క్షేమం. అక్కడ నీవు, చెల్లెమ్మ, మీ వ్యవసాయ కార్యాలయపు దస్త్రాలు క్షేమమని తలుస్తాను.

పెరడున్న విద్యావంతులు శాస్త్రానికి స్వచ్ఛందంగా తోడ్పడాలని జూలైలో నీవు పంపిన కరపత్రానికి ఈ ఊరిలో స్పందించినవాడిని నేనొక్కడినే. అప్పటినుండి సాయంత్రం కందిలి వెలిగించి, కింద నీళ్ల తొట్టి పెడుతున్నాను. తెల్లవారగానే తొట్టిలో పడ్డ రెక్కల పురుగులను చీపురు పుల్లతో వేరుచేసి, వరి కాండాన్ని తొలిచే మొగి పురుగుకు తల్లులైన పసుపు రెక్కల వాటిని లెక్కించి, పత్రంలో రాసి, ప్రతి శనివారం మీకు పంపుతున్నాను. బడిలో పిల్లలను లెక్కపెట్టింది సాలక ఇప్పుడు పురుగులకు గుడ హాజరేస్తున్నవా అని రాజమణి అడిగింది. హాజరు విషయంలో పురుగులే నయమని సవినయంగా మనవి చేసుకున్నాను.

మొదట్లో ఊరు నవ్వింది. సారు బర్లను సాదలేక పురుగులను సాదుతుండని పక్కింటి కట్టయ్య హోటలు దగ్గర నలుగురికీ చెప్పాడు. కానీ ఒక రాత్రి లెక్క నూరు దాటిన ఊరికి సమితి ద్వారా మందు, కొట్టే పంపులు ఉచితంగా పంపబడునని మీ ఉత్తర్వు వచ్చిన నాటినుండి నా తొట్టి చుట్టూ ఉదయమే పదిమంది నిలబడుతున్నారు. జనవరిలో ఓట్ల లెక్కింపు నాడు కూడా ఇంత నిశ్శబ్దం చూడలేదు.

వారిలో ముందు నిలబడేది సాలమ్మ. భర్త పోయిన మనిషి. మా పెరటి గోడ అవతల ఎకరన్నర కౌలుకు తీసుకొని వరి వేసింది. ఇద్దరు పిల్లల ఏడాది తిండి అదే. చేను ఇప్పుడు ఈనే దశలో ఉంది. మొన్న ఒక తెల్లకంకిని తెచ్చింది. పట్టి గుంజితే ఏ శ్రమా లేకుండా ఊడివచ్చిందట. లోపల గింజ లేదు. గిట్లనే ఉంటే గడ్డి గుడ మిగలదు సారూ, జర పై సార్లకు రాయరాదు, నీ దస్తూరి మంచిగుంటదంటరు అని అన్నది. నా దస్తూరి మీద ఇంత భారం మునుపెవరూ పెట్టలేదు.

అయితే గత పదమూడు రోజులుగా లెక్క తొంభై తొమ్మిది వద్దనే నిలిచి ఉంది. తొట్టిలో పదిరకాల పురుగులు పడతాయి. ఏది లెక్కలోనిదో తేల్చే అధికారం నాది గనుక జనం నా మాటను నమ్ముతున్నారు. గవి సర్కారు పురుగులు, పై సారు దస్కతు లేంది గీత దాటయి అని కట్టయ్య మాత్రం అంటున్నాడు. కావున పరిమితిని నూరు నుండి తొంభైకి తగ్గించే అవకాశమున్నదేమో నీవు పరిశీలించి, పైవారికి విన్నవించగలవని ప్రార్థన. కంకి ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగదు. వారం దాటితే మందు వచ్చినా పనికిరాదు.

ఇట్లు,
నీతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ప్రస్తుతం జీతం లేని కీటక గణకుడు,
శ్రీపాల్

తా.క. ఈ చీటీని వేరే కవరులో మీ ఇంటికి పంపుతున్నాను, నీవొక్కడివే చదువు. కార్యాలయానికి పంపిన పై ఉత్తరాన్ని అక్కడ ఎవరైనా విప్పవచ్చునని అట్లా రాశాను.

సెప్టెంబరు చివరి వారపు పత్రంలో 214, 260, 305 అని ఉన్నదున్నట్టు రాసి పంపాను. పత్రం తిరిగి వచ్చింది. రోజువారీ సంఖ్యకు రెండు గళ్లు మాత్రమే కేటాయించబడినవని, గళ్లు దాటిన పత్రము చెల్లదని, మరల దాటినచో పరిశీలకుని పేరు తొలగించబడునని దాని మీద రాసి ఉంది. కింద సంతకం నీది. నూరు దాటితేనే మందు. నూరు రాయడానికి మూడో గడి లేదు. సంతకం చేసేముందు చదివావా అని అడగను. అరవై తొమ్మిది ఉద్యమంలో పోలీసుల వ్యాను ముందు చేతులు పట్టుకొని కూర్చున్న మనమే ఇది చేశామని మాత్రం రాస్తున్నాను. నా పేరు పోతే ఈ ఊరికి లెక్క పంపే దిక్కే ఉండదనుకొని, రెండు గళ్లలో పట్టే అతి పెద్ద సంఖ్యను రోజూ రాస్తూ వచ్చాను.

ఈ ఉదయం సాలమ్మ కొంగు ముడి విప్పి, తన చేనులో పట్టిన ఒక పసుపు పురుగును నా అరచేతిలో పెట్టింది. ఇంకా రెక్కలాడిస్తున్నది. గిదొక్కటి కలుపు సారూ, నూరైతది అన్నది. వెనుకనున్న పదిమందీ నా కలం వైపు చూశారు. అప్పటికి తొట్టిలో నేను లెక్కించినవి నాలుగు వందల పన్నెండు. దానిని కూడా అందులో వేసి, గళ్లలో తొంభై తొమ్మిది రాశాను.

ఆమెకు చదువు రాదు. పత్రం మీదికి వంగి, అయ్యిందా సారూ అని అడిగింది. అయ్యిందన్నాను. అప్పటినుండి గట్టు మీద కూర్చొని మందు బండి కోసం బాట చూస్తున్నది.