గెడ్డ పక్క ఇల్లు

బుధవారం, రాత్రి. బొబ్బిలి.

ఆషాఢం రాకముందే అయిపోవాలని ఈరోజు ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించేసుకున్నాను. ఏజెంటు లైసెన్సు నాదే, కొన్నదీ నేనే. కమిషన్ మిగిలిందని పొద్దున్న ఎంత మురిసిపోయానో.

సాయంత్రం తాళం తీస్తుంటే పక్కింటి సత్యవతి గోడ మీద నుంచి పలకరించింది. రెండు నెలల కిందట ఆవిడకి ఆ ఇల్లు కుదిర్చింది నేనే. అందులో ఆవిడ ఇంకా ఒక్క వానాకాలమూ చూడలేదు.

"గెడ్డ పొంగితే ఇళ్లల్లోకి నీలొచ్చెస్తాయని అందరూ బెదిరిస్తన్నారమ్మా. ఇప్పుడు నువ్వే పక్కన కొనీసినావు. ఇంక నాకేటి బయం?"

నవ్వేసి తాళం తీయడంలో పడ్డాను. గెడ్డ ఇటు రాదని ఆవిడకి చెప్పింది నేనే. కొనేముందు చుట్టుపక్కల నలుగురినీ అడగండని అందరికీ చెప్పేదాన్ని, నా ఇంటి విషయంలో మాత్రం ఒక్కరినీ అడగలేదు. ఏజెంటునై ఉండి అడిగితే నవ్వుతారని సిగ్గు.

గెడ్డ రాదని నాకు చెప్పింది ఆవిడకి ఇల్లమ్మిన సూర్యనారాయణగారు. ఈరోజు నాకు అమ్మిందీ ఆయనే.

రెండిళ్లూ వానలు పడకముందే ఎందుకు వదిలించుకున్నారో నేను అడగనేలేదు...